మూత్రకోశపు నొప్పికి సూదిమందు

మూత్రకోశం నిండుతున్నకొద్దీ పొత్తికడుపులో నొప్పి హెచ్చుతుంది. మూత్రవిసర్జన కాగానే కొంత తగ్గుతుంది. అరగంట గడవకముందే మళ్ళీ లేవవలసి వస్తుంది. రాత్రులు నిద్ర కరవవుతుంది, బస్సు ప్రయాణమంటేనే భయం పట్టుకుంటుంది. మూత్రపరీక్షలో సూక్ష్మజీవులు కనబడవు. అయినా విడతలు విడతలుగా యాంటీబయాటిక్ మాత్రలు మింగించడం, అవి పనిచేయకపోతే ‘ఇదంతా మనసులోని భ్రమ’ అని పంపివేయడం ఈ రోగులకు తరచు ఎదురయ్యే అనుభవం. వీరిలో అధికసంఖ్యాకులు స్త్రీలు.

ఇది భ్రమ కాదు. ఇటువంటి బాధ ఆరు వారాలకు మించి ఉండి, మరే కారణమూ కనబడనప్పుడు వైద్యులు దానిని ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అంటారు. ఆ నిర్ణయానికి వచ్చే ముందు మూత్రకోశంలో రాయి, క్యాన్సరు లేవని రూఢి చేసుకోవాలి. మన దేశంలో క్షయను కూడా మరువరాదు. మూత్రంలో నెత్తురు కనబడితే జాప్యం చేయడం ప్రమాదకరం.

బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు గై హన్నర్ ఈ రోగులలో కొందరి మూత్రకోశపు గోడలపై ప్రత్యేకమైన పుండ్లను గుర్తించి, 1915లో వర్ణించాడు. నేటికీ వాటిని ఆయన పేరుతోనే వ్యవహరిస్తారు. అందరికీ ఈ పుండ్లు ఉండవు, ఉన్నవారు కొద్దిమందే. కాని ఏ సూదిమందు ఎవరికి తగునన్నది దీనిమీదనే ఆధారపడి ఉంటుంది. సిస్టోస్కోపు అనే సన్నని గొట్టంతో లోపలికి చూడనిదే ఆ సంగతి తేలదు.

పుండు ఉంటే, మత్తు ఇచ్చి, ఆ గొట్టం ద్వారానే పుండులోనికి, దాని అంచులలోనికి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను ఎక్కిస్తారు. లేదా పుండును విద్యుత్తుతో గాని లేసరుతో గాని కాలుస్తారు. నొప్పి చాలామందిలో కొన్ని నెలలపాటు తగ్గుతుంది. పుండు తిరిగి రావచ్చు. అప్పుడు మళ్ళీ చికిత్స చేయవచ్చు.

పుండు లేనివారికి ముందు సులభమైన మార్గాలు ఉన్నాయి: కాఫీ, కారం, పుల్లని పండ్ల వంటి బాధ పెంచే పదార్థాలను గమనించి మానడం, కటి కండరాలను సడలించే ఫిజియోథెరపీ, మాత్రలు, మూత్రకోశంలోనికి మందు నింపడం. ఇవేవీ ఫలించనప్పుడే బోటులినమ్ విషం ప్రస్తావన వస్తుంది.

ఈ విషం చరిత్ర విచిత్రమైనది. చెడిపోయిన మాంసపు సాసేజిలు తిని మరణించినవారిని పరిశీలించిన జర్మన్ వైద్యుడు యుస్టినుస్ కెర్నర్, అత్యల్పమోతాదులో ఇదే మందు కాగలదని 1822లోనే ఊహించాడు. శాన్ ఫ్రాన్సిస్కో నేత్రవైద్యుడు ఆలన్ స్కాట్ దానిని మెల్లకన్నుకు వాడి చూపాడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1989లో కంటి వ్యాధులకూ, 2013లో అదుపు తప్పిన మూత్రకోశానికీ దీనిని అనుమతించింది. నొప్పి చికిత్సకు మాత్రం అక్కడ ప్రత్యేకమైన అనుమతి లేదు. అయినా ఇతర చికిత్సలు విఫలమైనప్పుడు వాడదగినవాటిలో ఒకటిగా అమెరికా మూత్రవ్యాధి నిపుణుల సంఘం దీనిని పేర్కొన్నది.

సాధారణంగా వాడే 100 యూనిట్ల మందును పలుచన చేసి, మూత్రకోశపు గోడలో పది, ఇరవై చోట్ల కొద్దికొద్దిగా గుచ్చుతారు. నరాల కొనల నుండి సంకేతాలను మోసే రసాయనాలు వెలువడకుండా అది అడ్డుకుంటుంది. కొన్ని నెలలకు ఆ ప్రభావం హరించిపోతుంది.

దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉన్నది. కొందరిలో మూత్రకోశం పూర్తిగా ఖాళీ కాదు. అప్పుడు మందు ప్రభావం తగ్గేదాకా రోగి తానే సన్నని గొట్టం పెట్టుకొని మూత్రం తీసుకోవలసి రావచ్చు. అసలే నొప్పితో వేగుతున్నవారికి ఇది చిన్న విషయం కాదు. అందుకు సిద్ధపడనివారు ఈ సూది వేయించుకోరాదు. మూత్రంలో చీము ఉన్నప్పుడు కూడా ఇది పనికిరాదు. గర్భిణులు, మయస్తీనియా వంటి కండరాల బలహీనత ఉన్నవారు ఆ సంగతిని డాక్టరుకు ముందే చెప్పాలి.

ఈ సూదులేవీ వ్యాధిని వేరుతో పెకలించవు. అవి కొన్ని నెలల నెమ్మదిని ఇవ్వగలవు. కొందరికి అదీ లభించదు. డాక్టరు వద్దకు వెళ్ళేముందు మూడు రోజులపాటు ఎన్నిసార్లు, ఎంతెంత మూత్రం వచ్చినదీ, నొప్పి ఎప్పుడు హెచ్చినదీ ఒక కాగితంపై వ్రాసుకుంటే మంచిది. నోటిమాటగా చెప్పినప్పుడు కొట్టిపారేసిన బాధను, అంకెలలో చూసినప్పుడు తోసిపుచ్చడం కష్టం.