గవ్వ జాతి తేల్చే జన్యుసంకేతం... పోల్చే జాబితా ఉంటేనే!

తీరప్రాంత దుకాణాల్లో గుట్టలుగా పోసి అమ్మే గవ్వలు, శంఖాల్లో ఏది రక్షిత జాతి, ఏది కాదన్నది తేల్చడం తనిఖీ అధికారులకు కత్తిమీద సామే. వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి 2001లో 24 రకాల సముద్ర మొలస్కాలను చేర్చారు. వాటిలో కొన్ని గవ్వలూ ఉన్నాయి. అయితే గవ్వ రూపం వయసును బట్టి మారుతుంది. పాలిష్ పట్టి రంగులద్దితే ఇక చెప్పనక్కరలేదు.

ఈ చిక్కుకు డీఎన్ఏ బార్‌కోడింగ్ మందన్న ఆశ బలంగా ఉంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో దీన్ని ప్రతిపాదించింది. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివి, పేరు తెలిసిన నమూనాలతో పోలుస్తారు.

ఈ పోల్చడంలోనే ఉంది అసలు మెలిక. అమెరికాలోని ఫ్లోరిడా సహజ చరిత్ర మ్యూజియం పరిశోధకులు క్రిస్టఫర్ మేయర్, గుస్తావ్ పౌలే రెండు వేలకు పైగా గవ్వలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. అన్ని జాతులూ ముందే జాబితాకెక్కిన చోట పొరపాట్లు 4 శాతంలోపే. జాబితా అసంపూర్ణంగా ఉండి, జన్యుభేదం ఒక్కదాన్నే కొలమానంగా పెట్టుకుని జాతులను విడదీయబోతే తప్పులు కనీసం 17 శాతం.

అంటే మన తూర్పుతీరపు నమూనాలను నిపుణులు పేరు నిర్ధారించి భద్రపరచనంత కాలం, కంప్యూటర్ చూపేది దగ్గరి బంధువు పేరే కావచ్చు. అప్పుడు నిర్దోషి అయిన చిరువ్యాపారి ఇరుక్కుంటాడు, లేదా అసలు దొంగ తప్పించుకుంటాడు. పైగా మాంసం తీసేసి శుభ్రంగా కడిగిన ఖాళీ గుల్ల నుంచి డీఎన్ఏ రాబట్టడం మరీ కష్టం. దుకాణాల్లో దొరికేవి అవే.