టేబుల్ కాదు, ప్లేటు కొనండి

వెల్డింగ్ టేబుల్ గురించి తెలుగు క్లబ్ పత్రికలో రాయడమేంటి అంటారేమో. మన కాలేజీలో వెల్డింగ్ వీడియోలు రాత్రి రెండింటిదాకా చూసేది మెకానికల్ వాళ్ళు కాదు, మన సీఎస్‌ఈ వాళ్ళే. చూసీ చూసీ ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకోవాలని అనిపించినవాళ్ళు మా సెక్షన్‌లోనే ముగ్గురున్నారు. ముగ్గురూ టేబుల్ రేటు చూసి అక్కడే ఆగిపోయారు.

ఆ వీడియోల్లో మెరిసే టేబుళ్ళు ఎక్కువగా సీగ్మండ్, డెమ్మెలర్ లాంటి జర్మన్ కంపెనీల పద్ధతిలో చేసినవి. పైనంతా వరసగా 16 ఎంఎం లేదా 28 ఎంఎం రంధ్రాలు, వాటిలో దిగే క్లాంపులు. ఒకే ఫ్రేమ్‌ని వందసార్లు చేసే ఫ్యాక్టరీకి అవి కావాలి. ఒక స్టూలు, ఒక షూ ర్యాకు, ఎప్పుడైనా ఒక కిటికీ గ్రిల్లు చేసుకునే ఇంటికి అవసరం లేదు. నేననేది ఇంతే: టేబుల్ కొనకండి. మంచి ప్లేటు ఒకటి కొని, కింద కాళ్ళు మీరే కట్టుకోండి. ఆ ప్లేటు కూడా పెద్దది వద్దు, మందంగా ఉన్నది కావాలి.

ఇనుము కిలోల లెక్కన అమ్ముతారు. చదరపు మీటరు వెడల్పు, ఒక ఎంఎం మందం ఉన్న స్టీలు 7.85 కిలోలు. ఈ ఒక్క నంబరు గుర్తుంటే షాపువాడి దగ్గర ధైర్యంగా నిలబడొచ్చు. 1200 × 750 ఎంఎం సైజులో 6 ఎంఎం ప్లేటు తీసుకుంటే 42 కిలోల చిల్లర. 900 × 600 సైజులో 10 ఎంఎం ప్లేటు తీసుకున్నా అంతే, గ్రాముతో సహా. అంటే డబ్బు కూడా దాదాపు ఒకటే. కానీ ప్లేటు వంగకుండా నిలబడే బలం మందం క్యూబ్‌ని బట్టి పెరుగుతుంది. 6 నుంచి 10కి వెళ్తే నాలుగున్నర రెట్ల పైమాటే. అదే డబ్బుకి పెద్ద టేబుల్ ఫొటోలో బాగుంటుంది, అంతకంటే ఏం లేదు.

వంగకపోవడం ఎందుకంత ముఖ్యమంటే, వెల్డింగ్ చేసిన చోట లోహం కరిగి, చల్లారుతూ కుంచించుకుపోతుంది. పోతూ పోతూ పక్కనున్న పైపుని తనవైపు లాగుతుంది. ఆ లాగుడుని ఆపాలంటే పైపుని గట్టి దానికేసి బిగించాలి. బిగించిన టేబులే వంగితే ఇక స్టూలుకి నాలుగు కాళ్ళలో మూడే నేలకి ఆనతాయి.

మా మెట్టుగూడ వాళ్ళకి ఇనుము కొత్త కాదు. పక్కనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నిజాం రైల్వే కాలంలో, 1893 నుంచీ ఉంది. అయినా మా చుట్టుపక్కల గేట్లు, గ్రిల్లులు చేసే షాపులు చూడండి, పనంతా నేలమీదే. పదడుగుల గేటుకి నేలే కరెక్టు, ఒప్పుకుంటాను. చిన్న పనికి కూడా నేలే ఎందుకు?

మా నాన్నా నేల బాపతే. ఉద్యోగం వేరే, సాయంత్రం మేడ మీద వెల్డింగ్. ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని చేశాడు. పోయినేడు డాక్టరు మోకాళ్ళు మడిచి కూర్చోవద్దన్నాడు. నాన్నకి అది వెల్డింగే వద్దన్నట్టు వినపడింది. "నేల ఉండంగ బల్లెందుకు బిడ్డా, రెండు నెలలు ఆగితే తగ్గుతది" అన్నాడు. ఆర్నెల్లయింది. మిషన్ మంచం కిందే ఉంది, ఇంట్లో సాయంత్రాలు టీవీ సౌండు పెరిగింది. అందుకే ఈ లెక్కలన్నీ నేర్చుకున్నాను. లిఫ్టు లేని మూడంతస్తులు, 42 కిలోలైతే ఇద్దరం మోయగలం.

ప్లేటు కోసం రాణీగంజ్ వైపు వెళ్తే కట్ పీసులు అడగండి. గ్యాస్‌తో కోసిన ముక్కలు అంచుల దగ్గర మెలిక తిరిగి ఉండొచ్చు. పొడవాటి స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టి, వెనక ఫోన్ టార్చి పెట్టి, వెలుతురు ఎక్కడ కారుతోందో చూడండి. మరి ఆ స్కేలు తిన్నగా ఉందని ఎవరు చెప్పారు? ఇక్కడ నాకు భలే సరదా వేసింది. మొదటి కంపైలర్‌ని ఎవరు కంపైల్ చేశారు అనే మన పాత ప్రశ్న లాంటిదే ఇది. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1840లో గ్లాస్గో సభలో దీని గురించి చెప్పాడు. రెండు ప్లేట్లని ఒకదానితో ఒకటి సరిపోల్చి గీకుతూ పోతే ఒకటి గుంటగా, ఇంకోటి ఉబ్బుగా తయారై కూడా చక్కగా అతుక్కోవచ్చు. మూడు ప్లేట్లని జతలు మార్చి మార్చి సరిపోలిస్తే ఆ మోసం సాగదు, మూడూ చదునైతేనే అన్ని జతలూ కలుస్తాయి. కొలిచే వస్తువు ఏదీ లేకుండానే చదును పుట్టింది! మనకి అంత పట్టింపు అక్కర్లేదు, అర ఎంఎం తేడా ఉన్నా స్టూలు ఊగదు.

కాళ్ళకి 50 × 50 చదరపు పైపు చాలు, పాతదైనా పర్లేదు. జీఐ పైపు మాత్రం వద్దు. దాని మీది జింకు కాలి వచ్చే తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయమనుకోండి. ప్లేటుని ఫ్రేమ్‌కి చుట్టూ వెల్డ్ చేసేయకండి, పైన చెప్పిన లాగుడు ప్లేటునే వంచేస్తుంది. బోల్టులతో బిగించడం మేలు. కాళ్ళ కింద నట్లు అతికించి బోల్టులు దించితే, మేడ వాలుగా ఉన్నా రసమట్టం పెట్టి సరిచేసుకోవచ్చు. వెల్డింగ్ నడుస్తున్నప్పుడు కరెంటుకి తగిలించిన డ్రిల్లుని అదే టేబుల్ మీద పెట్టొద్దు, వెల్డింగ్ కరెంటు దాని ఎర్త్ తీగ దారి పట్టొచ్చు.

అద్దె గదిలో ఉండేవాళ్ళకి ఆన్‌లైన్‌లో దొరికే మడత టేబుళ్ళే గతి. రేకు పల్చన, అయినా నేలకంటే నయం.

మా ఇంట్లో ఇంకా తేలనిది ఎత్తు. నాన్న నిలబడే చేస్తానంటాడు, 36 అంగుళాలు కావాలట. నేను 30 అంటున్నాను, స్టూలు వేసుకుని కూర్చోవచ్చని. కాళ్ళ పైపులు ప్రస్తుతానికి 36కే కోయించాం. తర్వాత తగ్గించొచ్చు, పెంచలేం కదా.