గాలి ఉచితమే, ఎలక్ట్రాన్లే ప్రియం

సూరత్‌లోని వరాఛాలో నత్రజనికి మంచి పేరు లేదు. అక్కడి వజ్రాల బజారులో రాయి కాస్త పసుపు ఛాయ తిరిగితే చాలు, ధర పడిపోతుంది. సహజ వజ్రాల్లో ఆ ఛాయకు ఎక్కువ సందర్భాల్లో కారణం కార్బన్ మధ్య చొరబడిన నత్రజని పరమాణువులే. అదే నగరం శివార్లలో, తాపీ నది సముద్రంలో కలిసే హజీరాలో మాత్రం నత్రజనికే పెద్దపీట. అక్కడి క్రిభ్‌కో కర్మాగారం 1980ల మధ్య నుంచీ గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా, దాన్ని యూరియాగా మారుస్తోంది.

పద్ధతి పాతదే. ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో సాధించినదాన్ని 1913 నాటికి కార్ల్ బాష్ కర్మాగారం స్థాయికి తెచ్చారు. ఇనుప ఉత్ప్రేరకం, 400 డిగ్రీలు దాటిన వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లకు మించిన ఒత్తిడి. నత్రజని అణువులోని త్రిబంధం అంత మొండిది మరి. పైగా హైడ్రోజన్ కోసం సహజవాయువు కావాలి. అందులో కొంత దిగుమతి చేసుకోక తప్పదు.

వేరుశనగకు ఈ హంగామా అక్కర్లేదు. వరాఛాలో స్థిరపడినవారిలో చాలామంది వదిలి వచ్చిన సౌరాష్ట్ర చేలలోనైనా, రాయలసీమలోని అనంతపురంలోనైనా ఆ మొక్క వేరు బుడిపెల్లోని బాక్టీరియా మామూలు మట్టి వేడిలోనే ఈ పని కానిచ్చేస్తుంది. అది వాడుకునే ఎంజైములో ఉన్నవి మాలిబ్డినం, ఇనుము. ఆ లోహాలను కృత్రిమ అణువుల్లో బిగించి అదే పని చేయించలేమా? అర్ధశతాబ్దానికి పైగా రసాయన శాస్త్రవేత్తలు ఈ ప్రశ్న వెంటే పడ్డారు.

నత్రజని అణువు లోహానికి అంటుకుంటుందని 1965లో టొరంటోలో అలెన్, సెనాఫ్ రుథేనియంతో చూపించారు. 1975లో బ్రిటన్‌లో జోసెఫ్ చాట్ బృందం టంగ్‌స్టన్ సంశ్లిష్టానికి ఆమ్లం చేర్చి అమ్మోనియా రాబట్టింది. కానీ ఒక్కసారికే ఆ సంశ్లిష్టం పని సరి. అమెరికాలోని ఎంఐటీలో యాండులోవ్, ష్రాక్ 2003లో మాలిబ్డినం సంశ్లిష్టంతో చర్యను మళ్లీ మళ్లీ నడిపించారు. అయినా ఒక్కో సంశ్లిష్టం ఇచ్చింది దాదాపు ఎనిమిది అమ్మోనియా అణువులే. 2013లో జొనాస్ పీటర్స్ బృందం ఇనుముతోనూ అది సాధ్యమేనని నిరూపించింది. 2019లో టోక్యోలో నిషిబయాషి బృందం మామూలు గది వేడిలో, సమేరియం అయొడైడ్ తోడుగా, ఆ లెక్కను 4,350కి చేర్చింది.

ఇక హజీరా గొట్టాలు విప్పేయవచ్చా? అక్కడే ఉంది చిక్కు. ఒక్కో అమ్మోనియా అణువుకు మూడు ఎలక్ట్రాన్లు కావాలి. వాటిని అందించేది సమేరియం అయొడైడే. ఒక్కో అణువు ఇచ్చేది ఒక్కటే ఎలక్ట్రాన్. అణుభారాలతో లెక్కకడితే కిలో అమ్మోనియాకు దాదాపు 71 కిలోలు అవసరం. 45 కిలోల యూరియా బస్తాకు సుమారు 1.8 టన్నులు! పన్నులు, వేపపూత ఖర్చు కాక ఆ బస్తాకు రైతు కట్టేది 242 రూపాయలు. వాడేసిన సమేరియంను మళ్లీ పనికొచ్చేలా చేయవచ్చు, కానీ దానికీ శక్తి కావాలి.

అంటే త్రిబంధాన్ని తెంచే నేర్పు మనిషికి పట్టుబడింది. చవకగా ఎలక్ట్రాన్లు తెచ్చే దారే ఇంకా దొరకలేదు. వేరుశనగ బాక్టీరియా కూడా ఈ పని ఊరికే చేయదు. మొక్క ఎండలో వండుకున్న చక్కెరలో వాటా తీసుకుంటుంది. ఆ ఎండకు బదులు కరెంటుతో నేరుగా ఎలక్ట్రాన్లు అందించాలన్నదే ఇప్పుడు ప్రయోగశాలల తాపత్రయం. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హరిత హైడ్రోజన్ లక్ష్యంతో కేంద్రం 2023లో ఆమోదించిన పథకం మరో దారి. హేబర్ పద్ధతిని అలాగే ఉంచి, హైడ్రోజన్‌ను మాత్రం సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీయడం. దారి ఏదైనా తేలాల్సింది ఒక్కటే, కరెంటు ధర. అది దిగివచ్చేదాకా యూరియా బస్తా తాడు గ్యాస్ గొట్టం చేతిలోనే ఉంటుంది. బస్తా అసలు ఖర్చుకూ రైతు కట్టే ధరకూ మధ్య తేడాను ఖజానా భరిస్తూనే ఉంటుంది.