చిగుళ్ళ డాక్టరు చేతి పనిముట్లు

షట్టరింగ్ పని చేసే తమ్ముళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఉలి మొద్దుబారితే కర్ర తెగదు, చెయ్యి జారుతుంది. పళ్ళ గార తీసే పనిముట్లకూ అదే సూత్రం.

అమెరికాలో న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఊరు. 2006లో అక్కడ హెడ్డాఫీసు ఉన్న ఇంటెగ్రా లైఫ్‌సైన్సెస్ కంపెనీ మిల్‌టెక్స్‌ను కొన్నది. డాక్టర్లు, డెంటిస్టులు వాడే చేతి పనిముట్లకు మిల్‌టెక్స్ పేరున్న సంస్థ. అయితే ఎంత పేరున్న సరుకైనా వాడే తీరు సరిగా లేకపోతే వృథా.

ముఖ్యమైనవి రెండు. మొదటిది సికిల్ స్కేలర్. కొడవలిలా వంగి, మొన సూదిగా ఉంటుంది. చిగురు పైన కనిపించే గారకు ఇది సరిపోతుంది. లోపలికి పోనిస్తే కండ చీరుతుంది. రెండోది క్యూరెట్. దీని మొన, వీపు గుండ్రంగా ఉంటాయి కనుక చిగురు కిందికి పంపవచ్చు. గ్రేసీ రకం క్యూరెట్‌కు ఒక అంచే కోస్తుంది. దవడ పళ్ళ ముందు వైపుకు 11/12, వెనక వైపుకు 13/14 నంబర్లు వాడతారు.

అంచు మొద్దుబారితే గార ఊడిరాదు. పైపైన నున్నబడి లోపలే ఉంటుంది, చిగురు వాపు తగ్గదు. అందుకే సానరాయి మీద పదును పెడుతూ ఉండాలి. సాన పట్టీ పట్టీ సన్నబడిన పనిముట్టు నోట్లో విరగవచ్చు, దాన్ని పారెయ్యాల్సిందే.

ఇక శుభ్రత. స్పిరిట్‌తో తుడిస్తే, నీళ్ళలో మరిగిస్తే చాలదు. రక్తం కడిగి, ఆరబెట్టి, ప్యాకెట్‌లో పెట్టి, ఆటోక్లేవ్‌లో కనీసం 121 డిగ్రీల ఆవిరికి పెట్టాలి. లేదంటే ఒకరి రక్తంలోని హెపటైటిస్ బి ఇంకొకరికి అంటవచ్చు. గల్ఫ్ మెడికల్‌లో అది బయటపడితే అన్‌ఫిట్. సెలవు మీద ఊరికి పోయి, చౌకని ఎక్కడో పళ్ళు గీకించుకుంటే వీసాకే ఎసరు రావచ్చు.

కాబట్టి కుర్చీలో కూర్చోగానే చూడండి. ప్యాకెట్ మీ ముందే చించారా? దాని మీది గుర్తు రంగు మారి ఉందా? చేతులకు కొత్త గ్లవుజులు వేసుకున్నారా? అడగడానికి మొహమాటపడొద్దు. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే అన్ని డోసులూ పూర్తి చేయించుకోండి.

స్కేలింగ్‌తో పళ్ళు వదులవుతాయన్నది అపోహ. పళ్ళను కదిలించేది గార వల్ల వచ్చే చిగుళ్ళ జబ్బు. బ్రష్ చేసేటప్పుడు రక్తం కనిపిస్తే, నొప్పి వచ్చేదాకా ఆగకండి.