జీతం లేని గార్డు

జీతం తీసుకోకుండా రైలు నడిపేవాళ్లు ఉన్నారంటే మా నాన్న నమ్మలేదు. ఆయన గూడ్స్ షెడ్డులో హమాలీ. రైలు దగ్గర ఊరికే పనిచేసే మనిషిని ఆయన ఇంతవరకు చూడలేదు మరి!

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో టాలిలిన్ అనే చిన్న రైలుమార్గం ఉంది. పొడవు సుమారు 12 కిలోమీటర్లు. 1860లలో పలకరాయి గని కోసం వేశారు. గని మూతపడింది, 1950లో యజమాని చనిపోయాడు. ఇక బండి ఆగిపోవలసిందే. అప్పుడు రైలంటే ప్రాణమిచ్చే కొందరు సంఘం పెట్టుకుని, 1951 నుంచి తామే నడపసాగారు. వాలంటీర్లు నిలబెట్టిన రైళ్లలో ప్రపంచంలో మొదటిది అదే. అక్కడి టవిన్ స్టేషన్లో ఇప్పుడు రైలు మ్యూజియం కూడా ఉంది. థామస్ రైలు బొమ్మల కథలు రాసిన ఆడ్రీ అనే పాస్టరు 1952లో అక్కడ గార్డుగా పనిచేశాడు. ఒకసారి టీ అమ్మే ఆవిడ ఎక్కకముందే పచ్చజెండా ఊపేశాడట. తర్వాత దాన్నే కథగా రాసుకున్నాడు.

ఇలాంటి పాత రైళ్ల దగ్గర పిల్లల కోసం, కుటుంబాల కోసం ప్రత్యేకంగా సంబరాలు జరుపుతారు. ఆరోజు బొగ్గు వేసేవాళ్లు, జెండా ఊపేవాళ్లు, టికెట్లు చూసేవాళ్లు ఎక్కువమంది వాలంటీర్లే. అయితే ఊరికే చేస్తానన్నంత మాత్రాన ఎవరినీ ఇంజను నడపనివ్వరు. ముందు ఇంజను తుడవాలి. తర్వాత బొగ్గు వేయడం నేర్చుకోవాలి. డ్రైవరు కావడానికి ఏళ్లు పడుతుంది. సింగిల్ లైనులో టోకెను చేతికి రానిదే బండి కదపకూడదు. పెట్టెల్లో పసిపిల్లలు ఉంటారు కదా! జీతం లేదు కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు అనే మాట అక్కడ చెల్లదు.

నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఉద్యోగస్తులు సెలవు పెట్టి వచ్చి బొగ్గుమసి పూసుకుంటే ఫొటోలు తీస్తారు. యూరియా బస్తాలు మోసిన మా నాన్న ఒంటి దుమ్మును ఎవరైనా ఫొటో తీశారా? కడుపు నిండినవాడికే ఉచిత సేవ అని మా రూమ్మేటు వాదన. చాలావరకు నిజమే. అందుకే చిన్న తమ్ముళ్ల చేత సేవ పేరుతో గిన్నెలు తోమించడాన్ని నేను ఒప్పుకోను. దాన్ని చాకిరీ అంటారు.

మరి ఉద్యోగాల్లో స్థిరపడిన మన అన్నయ్యల సంగతేమిటి? వార్షికోత్సవానికి వస్తారు, శాలువా కప్పించుకుంటారు, బాగా చదువుకోండి అని చెప్పి సాయంత్రం బస్సుకు వెళ్లిపోతారు. పదో తరగతి తమ్ముళ్లకు కావలసింది లెక్కలు చెప్పే మనిషి. నెలకు ఒక్క ఆదివారం రండి అన్నయ్యా. ముందుగా రిజిస్టరులో పేరు రాయండి. రాలేకపోతే బదులుగా మరొకరిని పంపండి. మీకోసం నలభైమంది పుస్తకాలు తెరుచుకుని కూర్చుంటారు.

వార్డెన్‌గారిని అడిగితే రిజిస్టరు కొని ఇస్తామన్నారు. మొదటి ఆదివారం ఇంగ్లీషు గ్రామరుకు నా పేరు రాస్తున్నాను. లెక్కల గడి ఇంకా ఖాళీగానే ఉంది.