సిమెంటు యజమానులకు గేటు లెక్క

మేళ్లచెరువు: నెలాఖరు వచ్చిందంటే సిమెంటు స్టాకిస్టులకు ఫోన్లు మొదలవుతాయి. ఇంకో నాలుగు లారీలు దించుకుంటే బస్తాకు పది తగ్గిస్తామన్నది వాటి సారాంశం. ఆ నెల లెక్కలో టన్నులు పెరుగుతాయి, సేల్స్ మేనేజరు గట్టెక్కుతాడు. కాని తగ్గిన పది రూపాయలు మరుసటి నెల ఒకటో తేదీన తిరిగి రావు. ఈ ప్రాంతపు యాజమాన్యాలు ముందుగా మానుకోవలసిన అలవాటు ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఒక టన్ను సిమెంటుకు దాదాపు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. అందుచేత ఫ్యాక్టరీ రాయి ఉన్న చోటనే లేస్తుంది. మేళ్లచెరువు, మట్టంపల్లి, విష్ణుపురం ఫ్యాక్టరీలు ఇలా వెలసినవే. సరిహద్దు దాటితే జగ్గయ్యపేట, కృష్ణ దాటితే మాచర్ల. అందరిదీ ఇంచుమించు ఒకే రాయి, అందరూ చూసేది హైదరాబాదు, విజయవాడ మార్కెట్లనే. సరకులో తేడా చూపలేనివాడు ధర కోయడానికి దిగుతున్నాడు.

టన్నులతో గొప్ప కొలుచుకోవడం కంట్రోలు కాలపు వారసత్వం. 1982 ఫిబ్రవరి వరకు సిమెంటు ధర ప్రభుత్వం నిర్ణయించేది. తయారుచేయగలిగితే చాలు, కొనేవాడు పర్మిటు పట్టుకుని వచ్చేవాడు. 1982లో కంట్రోలు పాక్షికంగా, 1989 మార్చిలో పూర్తిగా తొలగింది. అప్పటి నుంచి సరకు అమ్ముకునే బాధ్యత యజమానిదే అయినా, లెక్క మాత్రం మారలేదు.

ఊహా అంకెలతో ఒక లెక్క చూద్దాం. రాయి, బొగ్గు, కరెంటు, సంచి కలిపి బస్తా ఖర్చు 220 రూపాయలనుకుందాం. దగ్గరి మార్కెట్లో ధర 300, తగ్గింపు 10, లారీ కిరాయి 25. గేటు దగ్గర చేతికి వచ్చేది 265. పదిహేను రోజుల అరువుకు వడ్డీ పోను 43 రూపాయలకు పైగా మిగులుతుంది. దూరపు మార్కెట్లో ధర 320 అయినా తగ్గింపు 20, కిరాయి 70. గేటు దగ్గర చేతికి వచ్చేది 230. రెండు నెలల అరువుకు నూటికి నెలకు రూపాయి వడ్డీ వేస్తే మరో 6 పోయి, మిగిలేది 4 రూపాయలే. లారీకి 500 బస్తాలైతే మొత్తం 2,000. అక్కడ ఒక్క లారీ బాకీ, అంటే లక్షన్నర, మునిగితే పూడ్చుకోవడానికి ఇంకో 75 లారీలు తోలాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెత ఇలాంటి వ్యాపారానికే సరిపోతుంది.

కిల్ను ఆపితే నష్టం కదా, నాలుగు రూపాయలైనా రానీ అని మేనేజర్లు వాదిస్తారు. అందులో నిజం లేకపోలేదు. కిల్ను చల్లార్చి మళ్లీ రాజేయడం ఖర్చుతో కూడిన పని. కాని దూరాన ఇచ్చిన తగ్గింపు అక్కడే ఆగదు. కోదాడ స్టాకిస్టుకు ఆ కబురు వారంలో అందుతుంది, తనకూ అదే ధర కావాలంటాడు. దగ్గరి మార్కెట్లో బస్తాకు 5 రూపాయలు తగ్గితే, పాత లాభం నిలబెట్టుకోవడానికి నూటికి 13 బస్తాలు అదనంగా అమ్మాలి. పక్క ఫ్యాక్టరీ కూడా అంతే తగ్గిస్తే ఆ 13 ఎక్కడివి?

కిల్ను నడవడానికి వేరే దారులున్నాయి. సిమెంటు మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది, క్లింకరు మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అందువల్ల గిరాకీ మందగించిన నెలల్లో నిల్వను క్లింకరుగా ఉంచి, ఆర్డరును బట్టి గ్రైండ్ చేసుకోవడం మేలు. 1985 నాటి మట్టంపల్లి ఫ్యాక్టరీ యజమానులైన సాగర్ సిమెంట్స్ 2016లో విశాఖ వైపు బయ్యవరంలో గ్రైండింగు యూనిట్ కొన్నారు. స్లాగు దొరికే చోట, సరకు అమ్ముడయ్యే చోట గ్రైండింగు పెట్టుకోవడం తెలివైన పని. పోజొలానా సిమెంటులో నూటికి 35 పాళ్ల వరకు బూడిద కలపడానికి ప్రమాణాలు అనుమతిస్తాయి. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రం వచ్చింది. కిరాయి కలిసొచ్చే దూరంలో ఉన్న ఈ బూడిదకు ముందే ఒప్పందం కుదుర్చుకున్నవారికి ఖర్చు తగ్గుతుంది.

ఇక స్టాకిస్టుల సంగతి. తగ్గింపును బిల్లులోనే ఇవ్వాలి. క్రెడిట్ నోటు మూడు నెలల తర్వాత వస్తుందంటే స్టాకిస్టు దాన్ని ముందే ఊహించుకుని ధర కోస్తాడు, నోటు రాకపోతే బాకీ బిగబడతాడు. సేల్స్ మేనేజరుకిచ్చే ప్రోత్సాహకాన్ని కూడా పంపిన టన్నుల మీద కాక, వసూలైన గేటు ధర మీద లెక్కించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తేడా కొనుగోలుదారుదే. దాన్ని తమ లాభమనుకుని లెక్కలు వేసుకునేవారు మోసపోతారు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. బి.వి. రాజు స్థాపించిన రాశి సిమెంట్ కోసం 1998లో ఇండియా సిమెంట్స్ షేరుకు 300 రూపాయల బహిరంగ ఆఫరు ప్రకటించింది. చివరకు రాజుగారు తన వాటా అమ్మివేయగా విష్ణుపురం ఫ్యాక్టరీ చేతులు మారింది. 2024 డిసెంబరులో ఆ ఇండియా సిమెంట్సే అల్ట్రాటెక్ కిందికి వెళ్లింది. అదే ఏడాది గణేశ్‌పహాడ్‌లో ఫ్యాక్టరీ ఉన్న పెన్నా సిమెంట్‌ను అంబుజా కొన్నది. మేళ్లచెరువు మైహోం ఇండస్ట్రీస్‌లో మాత్రం 2008లో ఐర్లండ్‌కు చెందిన సీఆర్‌హెచ్ సగం వాటాతో భాగస్వామిగా చేరింది. ఈ మార్పులన్నిటికీ ఒకే కారణమని అనలేం. అయితే భాగస్వామిని తన అదనులో పిలుచుకోవడం వేరు, కొనేవాడు వచ్చి గడపలో నిలబడటం వేరు.

పెద్ద కంపెనీలు బస్తాకు 4 రూపాయల మిగులుతో రెండేళ్లు ఓర్చుకోగలవు. స్వతంత్ర యజమాని ఓర్చుకోలేడు. అందువల్ల ఈ నెలాఖరున లారీలు ఎన్ని కదిలాయని అడిగే ముందు, మార్కెట్ వారీగా గేటు దగ్గర ఎంత మిగిలింది, ఎంత వసూలైంది అన్న రెండు వరసలు కాగితం మీద వేయించుకోవాలి. నష్టం తెచ్చే మార్కెట్ ఏదో ఆ కాగితమే చెబుతుంది. ఆ మార్కెట్‌కు లారీ తోలడం మానడానికి కావలసింది ధైర్యం ఒక్కటే.