ముసలిదయ్యింది సిలికాన్, షీషా కాదు

మన ఇళ్లలో మెట్ల కిందో, ఛత్ మీద నీళ్ల ట్యాంక్ పక్కనో ఒక ఖాళీ అక్వేరియం పడి ఉండటం మామూలే. పిల్లల షౌక్ కోసం ఎప్పుడో కొన్నాం. చేపలు చచ్చిపోయాయి, మూలలోంచి నీళ్లు కారాయి, పక్కన పెట్టేశాం. ఈద్‌కి ఇల్లు సర్దేటప్పుడు అమ్మీ అడుగుతుంది, "యే కచ్రా కబ్ నికాల్తే రే?" అని. కబాడీవాలా ఇనుప స్టాండ్ పట్టుకెళ్తాడు, షీషా వద్దంటాడు. చివరికి పగలగొట్టి కుండీలో వేస్తాం. పొద్దున ఆ కుండీలో చెయ్యి పెట్టేది సఫాయీ కార్మికుడు. మన సఫాయీకి ఆయన వేళ్లు తెగుతాయి.

నా మష్వరా ఒకటే. ఆ షీషాని పారెయ్యకండి, దాంతోనే కొత్త ట్యాంకులు చేయించండి. కానీ ఒక షరతు: పాత షీషాతో ఎప్పుడూ చిన్న ట్యాంకే కట్టాలి, పెద్దది కాదు.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అక్వేరియంలో వయసు మీద పడేది సిలికాన్‌కి. ఎండకీ, ఏళ్లకీ అది గట్టిపడి షీషాని వదిలేస్తుంది. గీతలు, పెచ్చులు లేకపోతే షీషాకి ఏమీ కాదు. ఇసుకని సుమారు 1500 డిగ్రీల వేడిలో కరిగిస్తే వచ్చిన వస్తువు అది. దాన్ని బేకార్ అనుకోవడమే అసలు ఇస్రాఫ్.

చాలామంది కారే మూల మీద కొత్త సిలికాన్ పూసి సరిపెట్టుకుంటారు. అది పైపై మరమ్మతే. ఎండిపోయిన పాత సిలికాన్‌ని కొత్తది గట్టిగా పట్టుకోదు. ట్యాంక్ మొత్తం విప్పాలి, బ్లేడుతో పాతదంతా గీకెయ్యాలి, అంచులు స్పిరిట్‌తో తుడవాలి, అప్పుడే అతికించాలి.

ఇక హిసాబ్ చూద్దాం. 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 45 ఎత్తు ఉన్న ట్యాంక్ అనుకోండి. షీషా మందం 6 మిల్లీమీటర్లయితే అందులో సుమారు 20 కిలోల షీషా ఉంటుంది. దాన్నుంచి 45 పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తుతో రెండు ట్యాంకులు వస్తాయి. అడుగు పలక సగానికి కోస్తే రెండు అడుగులు. ముందు వెనక పలకల్లోంచి 45×30 ముక్కలు నాలుగు. పక్క పలకలు రెండూ 30×30 ముక్కలవుతాయి. ఇంకా కొనాల్సింది 30×30 ముక్కలు రెండే. మిగిలిన పట్టీలు పైఅంచుకి ఆధారంగా అతికించుకోవచ్చు. మందాన్ని బట్టి కొలతలు కాస్త సర్దుకోవాలి, ఆ పని అద్దాల దుకాణం కారీగర్‌కి బాగా తెలుసు.

చిన్నవే ఎందుకంటే, నీటి ఒత్తిడి ఎత్తుని బట్టి పెరుగుతుంది. ఎత్తు 45 నుంచి 30కి దిగితే ముందు పలక మీద పడే తోపుడు సగం కంటే తగ్గిపోతుంది. పలక పొడవూ సగమైంది. అదే 6 మిల్లీమీటర్ల షీషా ఇప్పుడు మరింత మజ్బూత్. ముక్కలు కలిపి ఇంకా ఎత్తైన ట్యాంక్ కట్టాలనుకోవడం కిఫాయత్ కాదు, పిల్లలు తిరిగే ఇంట్లో ఖత్రా.

"ఇంత మెహనత్ ఎందుకు, కొత్తదే కొనొచ్చుగా?" అనేవాళ్లుంటారు. డబ్బు ఒక్కటే చూస్తే వాళ్ల మాటా తప్పు కాదు. కోత కూలీ, సిలికాన్ ట్యూబు కలిపితే మిగిలేది కొంచెమే కావచ్చు. కానీ ఒక ట్యాంక్ పోయి రెండు వచ్చాయి. కొత్త చేపల్ని కొన్ని వారాలు రెండో దాంట్లో విడిగా ఉంచితే జబ్బు పాత వాటికి అంటదు. పైగా పిల్లలకి కొలవడం, ఆగడం అనే రెండు హునర్‌లు అలవడతాయి.

ఎహతియాత్ మాత్రం వదలకూడదు. టఫెన్డ్ గ్లాస్‌ని కోయలేం, కట్టర్ పడితే అంతా పొడి పొడి అవుతుంది. అడుగు పలక అలాంటిదేమో కారీగర్‌ని అడగండి. గోరు ఆగేంత లోతు గీత, అంచున పెచ్చు ఉన్న ముక్క వద్దు. సిలికాన్ అక్వేరియంకి పనికొచ్చేదే కొనండి, బాత్‌రూముల కోసం బూజు మందు కలిపినది చేపలకి జహర్. అతికించాక వారం రోజులు సబర్ పట్టండి. అప్పుడు నీళ్లు నింపి బయట రెండు మూడు రోజులు పెట్టి చూడండి. కోత, గీకుడు పెద్దలే చెయ్యాలి, చేతికి గ్లవ్స్ ఉండాలి.

ఒక్కో దాంట్లో సుమారు 40 లీటర్లు పడతాయి. కొన్ని గప్పీలకి చాలు, గోల్డ్ ఫిష్‌కి చాలదు. బేజుబాన్ జీవిని ఇరుకులో పెట్టి షౌక్ అనుకోవడం సరికాదు.

ఇవేవీ వద్దనుకుంటే కనీసం ఒక్క పని చెయ్యండి. ఆ ట్యాంక్‌ని పగలగొట్టకుండా అద్దాల దుకాణంలో ఇచ్చి రండి. ఫోటో ఫ్రేములకో, అల్మారా పలకలకో పనికొస్తుంది. కుండీలో చెయ్యి పెట్టే మనిషికి తెగదు.